మంగళగిరిలో ఇద్దరమే రెండు రోజులు, పరుగులు లేకుండా: సలహాలు కావాలి

ఉప్పల్_వాసి

అందరికీ నమస్కారం. మా అబ్బాయి హాస్టల్‌లో చేరాడు. ఇన్నేళ్ళలో నేనూ మా ఆవిడా ఊరు వెళ్ళామంటే పెళ్ళికో గృహప్రవేశానికో, బస ఎవరో ఒకరి ఇంట్లో. ఈసారి ఇద్దరమే శుక్రవారం రాత్రి బయల్దేరి, ఆదివారం సాయంత్రం దాకా ఒకే ఊళ్ళో ఉండి రావాలని ఉంది. అరకు, ఊటీ లాంటివి వద్దనుకున్నాం, సగం సమయం బండిలోనే పోతుంది.

ఆవిడకి చేనేత అంటే ప్రాణం. మగ్గం నడుస్తుంటే పక్కన కూర్చుని చూడాలని ఎప్పటినుంచో కోరిక. నాకు పాత గుళ్ళు, శాసనాలు ఇష్టం. తిండి ఇద్దరికీ ఇష్టమే. మంగళగిరి అయితే ఈ మూడూ నడిచే దూరంలో ఉంటాయని అనిపిస్తోంది. బస అక్కడే పెట్టుకోవచ్చా, విజయవాడలో ఉండి వెళ్ళి రావడం మేలా? ఏమేం చూడాలో నెట్‌లో దొరుకుతుంది. ఏ పూట ఎక్కడ ఉంటే బాగుంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఆవిడకి మోకాళ్ళ నొప్పి ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి.

బెజవాడ_బండి

అన్నా, విజయవాడలో దిగండి. హోటళ్ళు బోలెడు, రాత్రి ఎంతసేపయినా భోజనం దొరుకుతుంది. కారు మాట్లాడుకుంటే మొదటిరోజు పొద్దున కనకదుర్గమ్మ దర్శనం, బ్యారేజీ దాటి ఉండవల్లి గుహలు, మంగళగిరి, సాయంత్రానికి అమరావతి. రెండోరోజు కొండపల్లి కోట, బొమ్మల కాలనీ, భవానీ ద్వీపం. అంత దూరం వచ్చి మంగళగిరి ఒక్కటే చూసి పోతే ఎట్లా?

తీరికవేళ

బెజవాడ_బండి గారూ, మీరు చెప్పింది బంధువులతో వచ్చినప్పుడు బాగుంటుంది. ఉప్పల్_వాసి గారు అడిగింది వేరు. మీరు రాసినవన్నీ తిరిగితే ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది కారు వెనక సీట్లోనే, అదీ "తర్వాత ఎక్కడికి" అనే మాటే.

మేమిద్దరం ఇలాంటి ప్రయాణాలకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున ఒక పని, సాయంత్రం ఒక పని, మధ్యాహ్నం భోజనం, నిద్ర. అంతకుమించి ఏదీ ముందే రాసిపెట్టుకోం. మంగళగిరి ఈ పద్ధతికి భలే సరిపోయే ఊరు. కొండమీద గుడి మధ్యాహ్నం తర్వాత తీయరు, కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. ఎండవేళ బయట తిరగలేం. సాయంత్రం కింద గుడి, దాని చుట్టూ వీధులు. ఎలా గడపాలో ఊరే చెబుతుంది, మనం దానికి ఒప్పుకుంటే చాలు.

బస మాత్రం తప్పకుండా మంగళగిరిలోనే పెట్టుకోండి. విజయవాడ పన్నెండు కిలోమీటర్లే కావచ్చు, కానీ పొద్దున ఆరుకి వీధిలో ఉండటం, రాత్రి ఎనిమిదికి గుడి ముందు అరుగు మీద కూర్చోవడం అక్కడ ఉంటేనే కుదురుతుంది.

గాలిగోపురం

మాది మంగళగిరే. ముందుగా ఒక మాట చెప్పాలి. ఇది పచ్చటి పొలాల మధ్య నిద్రపోయే పల్లెటూరు అనుకుని రాకండి. పక్కనే పదహారో నెంబరు జాతీయ రహదారి, ఎయిమ్స్ ఆసుపత్రి, రాజధాని పనుల లారీలు. 2021లో తాడేపల్లితో కలిపి కార్పొరేషన్ కూడా చేశారు. విజయవాడకీ గుంటూరుకీ మధ్య పెరిగిపోయిన ఊరు. కానీ హైవే దిగి పాత ఊళ్ళోకి, గుడి వైపు వచ్చారంటే చప్పుడు మారిపోతుంది. మీరు ఉండాల్సింది ఆ భాగంలో.

కొండ సంగతి. మా ఊళ్ళో నరసింహస్వామి మూడుచోట్ల ఉన్నాడు. కింద ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి, కొండ మధ్యలో పానకాల స్వామి, శిఖరం మీద గండాల నరసింహస్వామి. పానకాల స్వామి గుడిలో విగ్రహం ఉండదు. రాతిలో తెరిచిన నోరు, దానికి లోహపు ముఖం తొడిగి ఉంటుంది. అర్చకుడు శంఖంతో పానకం పోస్తుంటే లోపల గుటగుటమని మింగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిందంటే స్వామికి చాలిందని అర్థం, మిగిలిన సగం మనకు ప్రసాదంగా ఇచ్చేస్తారు. అంత బెల్లపు నీళ్ళు పారే చోట చీమలు కనబడవని ఊరంతా చెప్పుకుంటారు. కృతయుగంలో అమృతం, త్రేతలో నెయ్యి, ద్వాపరంలో పాలు, ఈ యుగంలో పానకం తాగుతాడని మా నాయనమ్మ చెప్పేది.

రాత్రిపూట దేవతలు వచ్చి పూజ చేసుకుంటారని నమ్మకం, అందుకే పై గుడి పొద్దు ఉండగానే మూసేస్తారు. ఏడింటికల్లా పైన ఉండేలా చూసుకోండి. శని, ఆదివారాల్లో ఎనిమిది దాటితే క్యూ పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పి అన్నారు కాబట్టి మెట్లదారి వద్దు. ఘాట్ రోడ్డు ఉంది, ఆటో పైదాకా వస్తుంది, ఆ తర్వాత కొద్ది మెట్లే.

పాతశాసనం

నాయనా ఉప్పల్_వాసీ, శాసనాలు ఇష్టం అన్నావు కాబట్టి నేనో మాట చెబుతాను. అమ్మాయి ఆటోలో వెళ్ళినా, నువ్వు ఓపిక ఉంటే దిగేటప్పుడు మెట్లదారిన రా. ఆ మెట్లు 1890లో చన్నాప్రగడ బలరామదాసు గారు కట్టించినవి. దారి పక్కన కృష్ణదేవరాయల కాలపు శాసనం ఉంది. 1515లో రాయలు కొండవీటిని గెలిచిన సంగతి, తిమ్మరుసు పేరు ఈ ఊరి శాసనాల్లో కనిపిస్తాయి. కాస్త అవతల చైతన్య మహాప్రభువు పాదముద్రలు. వంగదేశం నుంచి వచ్చిన సన్యాసి దక్షిణాది యాత్రలో ఇక్కడ ఆగాడన్నమాట. ఎక్కేవాళ్ళు ఆయాసంలో ఇవేవీ చూడరు. దిగేవాళ్ళకే ఆగే తీరిక ఉంటుంది.

ఇక కింది గుడి గాలిగోపురం. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 1807లో మొదలుపెట్టి 1809లో పూర్తి చేయించింది రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. చింతపల్లి నుంచి అమరావతికి రాజధాని మార్చిన జమీందారు ఈయనే. కృష్ణ ఒడ్డున ఈ చుట్టుపక్కల ఏ పెద్ద గుడికి వెళ్ళినా ఈయన పేరు వినబడుతుంది. గోపురం కట్టాక అది ఒక పక్కకి ఒరిగిందట. కంచి నుంచి శిల్పులు వచ్చి, ఎదురుగా కోనేరు తవ్వించమన్నారట. తవ్వాక నిటారుగా నిలిచిందని ఊళ్ళో కథ. అంత వెడల్పు లేని పునాది మీద అంత ఎత్తు గోపురం ఎదురుగా నిలబడి తలెత్తి చూస్తే, ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

దాన్ని పొద్దున కాదు, సాయంత్రం అయిదు తర్వాత చూడు. ఎండ తగ్గాక తీరిగ్గా తలెత్తి చూస్తే, ఒక్కో అంతస్తూ విడివిడిగా కనిపిస్తుంది.

ఉప్పల్_వాసి

పాతశాసనం మాష్టారూ, గాలిగోపురం గారూ, మీ ఇద్దరికీ చాలా థాంక్స్. మెట్లదారిన దిగే ఆలోచన మా ఆవిడకి కూడా నచ్చింది. ఆవిడ ఆటోలో ముందు దిగి కింద టీ తాగుతూ ఉంటుందట. మగ్గాల సంగతి ఎవరైనా చెప్పగలరా? తెలియని ఇంటికి వెళ్ళి "మీ మగ్గం చూస్తాం" అని అడగడానికి మొహమాటంగా ఉంది.

పడుగుపేక

అన్నా, మొహమాటం అక్కర్లేదు. మాది మగ్గం ఉన్న ఇల్లే. మా నాన్న ఇప్పటికీ నేస్తాడు, మా అమ్మ రాట్నం తిప్పి కండెలు, అంటే నాడెలో పెట్టే దారపు చుట్టలు, చుడుతుంది. వచ్చినవాళ్ళని పొమ్మనేవాళ్ళు మా వీధుల్లో ఎవరూ లేరు. కాకపోతే కొన్ని విషయాలు తెలుసుకుని వస్తే మీకూ మాకూ బాగుంటుంది.

మాది గుంట మగ్గం. నేలలో గొయ్యి తవ్వి, కాళ్ళు అందులో పెట్టి కూర్చుని నేస్తారు. కాళ్ళు పలకలు తొక్కుతుంటే పడుగు, అంటే నిలువు దారాలు, పైకీ కిందికీ విడిపోతాయి, ఆ సందులోంచి నాడె అటూ ఇటూ పరుగెడుతుంది, అది వేసిన అడ్డదారాన్ని, అంటే పేకని, చెయ్యి దగ్గరికి కొడుతుంది. లెక్క తప్పితే అంచు పాడవుతుంది. అందుకే నేసే మనిషిని మధ్యలో పలకరించకండి. నాడె ఆగినప్పుడు, కండె మార్చేటప్పుడు ఆయనే తలెత్తి మాట్లాడతాడు. ఫోటో తీసుకోవాలంటే ఒక మాట అడగండి, కాదనరు. ఇంట్లో ఆడవాళ్ళు పని దుస్తుల్లో ఉంటారు, వాళ్ళని చెప్పకుండా తీయకండి.

వదిన గారికి నిజంగా చూడాలని ఉంటే పొద్దున పదింటికి రండి, గంటన్నర కూర్చునేలా రండి. వచ్చినవాళ్ళు చాలామంది అయిదు నిమిషాలు వీడియో తీసుకుని వెళ్ళిపోతారు. మగ్గం అయిదు నిమిషాల్లో అర్థం కాదు. చీర ఒక్కటే కనబడుతుంది కానీ, పడుగు పోయడం, రంగు అద్దడం, గంజి పెట్టడం, పాత పడుగు కొసలకి కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటీ కలపడం, ఇవన్నీ అయ్యాకే నాడె మొదలవుతుంది. అందులో సగం పని ఆడవాళ్ళదే, చీర మీద వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. కూర్చుంటే మా అమ్మలాంటివాళ్ళు ఇవన్నీ చెబుతారు.

కొనాలన్న బలవంతం లేదు. కొనాలనిపిస్తే బేరం మరీ లాగకండి.

కందిపొడి

పడుగుపేకా, ఎంత బాగా చెప్పావమ్మా. నాదొక సందేహం. మంగళగిరి చీర అని దుకాణాల్లో దొరికేవి అన్నీ మగ్గం మీదవేనా? పోయినేడు ఒక పెద్ద షోరూంలో మంగళగిరి చేనేత అని చెప్పి అమ్మారు. రెండు ఉతుకులకి అంచు వేరే, చీర వేరే అయిపోయింది. మళ్ళీ వెళ్ళి అడిగితే పట్టించుకోలేదు. డబ్బు సంగతి సరే, మన ఊరి పేరుతో అలా అమ్మడం బాధనిపించింది.

పడుగుపేక

అక్కా, ఈ బాధ మా ఇళ్ళల్లో రోజూ ఉన్నదే. మరమగ్గం గుడ్డకి మా పేరు పెట్టి మా ధరకి సగంలో అమ్ముతారు. మా ఊరి చీరలకీ గుడ్డకీ భౌగోళిక గుర్తింపు ఉంది, అయినా ఆగడం లేదు.

గుర్తుపట్టే తీరు చెబుతాను. అసలు మంగళగిరి చీర ఒంట్లో పువ్వులూ బొమ్మలూ ఉండవు. సాదా నేత, అంచున జరీ. గోపురాల్లా మొనదేలిన చిన్న అంచుని నిజాం బోర్డర్ అంటారు, అది మా ఊరి ముద్ర. కొంగులో జరీ గీతలు. చీర రెండు అంచుల వెంబడీ దగ్గరగా చూడండి, సన్నటి సూది రంధ్రాల వరస కనిపిస్తుంది. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా ఒక కర్ర పెట్టి రెండు కొసలూ గుచ్చుతారు, ఆ గుర్తులవి. మరమగ్గం బట్ట అద్దం పెట్టి చూసినా ఒకే తీరుగా ఉంటుంది. చేతి నేతలో అక్కడక్కడా పేక కాస్త వదులు, కాస్త బిగువు ఉంటుంది. దాన్ని లోపం అనుకోకండి, మా నాన్న ఆ పూట టీ కోసం లేచాడని అర్థం. చేనేత మార్క్ ఉన్న చీటీ కూడా అడగండి. జరీ మాత్రం ఇప్పుడు ఎక్కువ చీరల్లో అసలు వెండి జరీ కాదు, అది అడిగి తెలుసుకుని ధర ఇవ్వండి.

ఉప్పల్_వాసి అన్నా, ఒక ఆలోచన. మా దగ్గర చొక్కా గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది. వదినకి చీర, మీకు అదే రంగు గుడ్డ తీసుకోండి. పెళ్ళిరోజు కోసం వచ్చే జంటలు చాలామంది అలాగే తీసుకుంటారు.

బెజవాడ_బండి

పడుగుపేక చెల్లెమ్మా, పక్క ఊళ్ళో ఉంటూ ఆ సూది రంధ్రాల సంగతి ఇప్పుడే విన్నాను. సరే, మంగళగిరిలోనే ఉండండి అన్నా, నేనూ ఒప్పుకుంటున్నా. కానీ ఉండవల్లి మాత్రం వదలకండి. ఆటోలో అరగంట కూడా పట్టదు.

నల్లమట్టి

ఉండవల్లి గురించి నేను చెబుతాను, మా పొలం ఆ గుహల ఎదురుగానే. ఒకే కొండని తొలిచి నాలుగంతస్తులుగా చేసిన గుడి. క్రీస్తుశకం నాలుగో, అయిదో శతాబ్దం నాటిదని, విష్ణుకుండిన రాజుల కాలానిదని చెబుతారు. పైనున్న ఒక అంతస్తులో అనంతపద్మనాభుడు ఒకే రాతిలో పడుకుని ఉంటాడు, ఒక చివరినుంచి చూస్తే రెండో చివర చీకట్లో కలిసిపోయేంత పొడుగు. లోపలికి వెళ్ళగానే ఏమీ కనబడదు. రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి, కళ్ళు అలవాటుపడ్డాక ముందు పాదాలు, తర్వాత చేయి, చివరికి ముఖం కనబడతాయి. ఫోన్ లైటు వేస్తే ఆ అనుభవం పోతుంది.

ఆ అంతస్తు బయట వరండాలో రాతి మునులు కూర్చుని ఉంటారు, పక్కన సింహాలు. అక్కడినుంచి చూస్తే ఎదురుగా అరటి తోటలు, పూలతోటలు, కూరగాయల మళ్ళు. సాయంత్రం నాలుగింటికి రండి, మూసేవేళ దాకా ఉండండి. మధ్యాహ్నం రాయి కాలుతుంది. చేతిలో తినే వస్తువు ఉంటే కోతులు వదలవు. అంతస్తుల మధ్య మెట్లు కాస్త ఎత్తు, అమ్మగారు నెమ్మదిగా ఎక్కాలి. ఎక్కలేకపోయినా కింద పచ్చిక మీద కూర్చుని గుహ ముఖం మొత్తం చూడొచ్చు, అదీ తక్కువేం కాదు.

పానకాల స్వామి గుడి వెనక గుహ ఉంది, అది ఉండవల్లి దాకా సొరంగమని మా పెద్దలు చెప్పేవారు. మునులు దాంట్లోంచి కృష్ణకి స్నానానికి వెళ్ళేవారట.

డల్లాస్_తెలుగు

ఈ పోస్టులు చదువుతుంటే ఊరు వెళ్ళి వచ్చినట్టుంది. మా అమ్మగారిది మంగళగిరి. చిన్నప్పుడు ఫాల్గుణ మాసంలో తిరునాళ్ళకి వచ్చేవాళ్ళం. పౌర్ణమి రోజుల్లో రథం కదులుతుంటే వీధి నేలంతా అదిరేది. అంత బాగుంటుంది కానీ, మీలా తీరిగ్గా గడపాలనుకునేవాళ్ళు ఆ వారం రావద్దు. గది దొరకదు, నడవడానికి చోటు ఉండదు. తిరునాళ్ళకే రావాలని వస్తే అది వేరే ఆనందం.

కందిపొడి

ఇక అసలు విషయానికి వద్దాం, తిండి. ఎవరూ దీని గురించి సరిగ్గా రాయలేదు!

పొద్దున కొండ దిగాక ఆకలి మామూలుగా ఉండదు. పెద్ద ఏసీ హోటల్ కోసం వెతకొద్దు. పాత ఊళ్ళో టిఫిన్ బళ్ళు, చిన్న హోటళ్ళు ఉంటాయి. పెనం ముందు జనం నిలబడి ఉన్నచోట ఆగండి. ఇడ్లీ తీసుకుంటే కారప్పొడి, దానిమీద నెయ్యి అడిగి వేయించుకోండి. గుంటూరు సన్నం మిరప పండే నేల ఇది, ఇక్కడి కారప్పొడికి ఘాటుతోబాటు వాసన ఉంటుంది. పెసరట్టు అయితే లోపల ఉప్మా, పక్కన అల్లం పచ్చడి. ఇద్దరూ చెరొకటి చెప్పి సగం సగం తినండి, అప్పుడు రెండూ రుచి చూడొచ్చు.

మధ్యాహ్నం అరిటాకు భోజనం. గోంగూర పచ్చడి వేస్తే అన్నం వేడిగా ఉన్నప్పుడే నెయ్యి వేసి కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకోండి. ఉలవచారు ఉందని చెబితే మీగడ కూడా అడగండి. ఉలవలు గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్ళని మరిగించి చిక్కబరచిన చారు అది, ఒంటరిగా తింటే ఘాటు, మీగడ పడితే దాని అసలు రుచి బయటికొస్తుంది. చివర గడ్డపెరుగు, ఆవకాయ. ఈ భోజనం చేసి ఎవరైనా గుహలు చూడ్డానికి వెళ్ళమంటే నమ్మకండి. గదికి వెళ్ళి పడుకోవాలి.

సాయంత్రం గుడి ముందు మిరపకాయ బజ్జీ. కోసి లోపల ఉల్లిపాయ, నిమ్మరసం వేసి ఇచ్చేది అడగండి. పునుగులు వేడిగా దించుతున్నప్పుడే తినాలి, చల్లారితే అందులో ఏమీ ఉండదు. జిలేబీ ఇష్టమైతే తెనాలి వైపు బెల్లం జిలేబీ వేస్తారు, ముదురు రంగులో ఉంటుంది, పంచదార జిలేబీలా పంటికి వెగటు పుట్టదు. తెనాలి వెళ్ళమని కాదు, ఈ పక్కన ఎక్కడ కనిపించినా వదలొద్దని.

విజయవాడ మీదుగా తిరిగి వెళ్తుంటే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ తినండి, పైన వెన్న ముద్ద వేసి ఇస్తారు. రైలు టైము చూసుకుని వెళ్ళండి, అక్కడ నిలబడాల్సి రావొచ్చు.

తీరికవేళ

కందిపొడి గారి మాటలో ఒకటి గట్టిగా పట్టుకోండి: చెరొకటి చెప్పి సగం సగం తినడం. ఇంట్లో భర్త టీవీ ముందు, భార్య వంటింట్లో తినే అలవాటున్న మాలాంటివాళ్ళకి ఇదే పెద్ద మార్పు. ప్రయాణంలో ఎదురెదురుగా కూర్చుని నిదానంగా తినడం వల్ల మా ఇద్దరి మధ్య మళ్ళీ మాటలు మొదలయ్యాయి. పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ కాకుండా వేరే మాటలు.

ఇంకో మాట. రెండో రోజు పొద్దున ఏమీ పెట్టుకోకండి. మళ్ళీ వీధుల్లోకి వెళ్ళండి. నిన్న కూర్చున్న ఇంటివాళ్ళు మిమ్మల్ని గుర్తుపడతారు. కొత్త ఊళ్ళో మనల్ని గుర్తుపట్టే మనిషి ఒక్కరున్నా, ఆ ఊరు మనదైపోతుంది.

గాలిగోపురం

రెండో రోజు పొద్దున అయిదున్నరకి లేవగలిగితే పాత వీధుల్లో ఒక చుట్టు తిరగండి. పడుగు వీధి పొడుగునా పరిచి సరిచేస్తుంటే చూడొచ్చు. ఎండ ఎక్కితే దారం పెళుసెక్కుతుంది, అందుకని పొద్దు పొడవకముందే మొదలెడతారు. రోజూ ఉంటుందని చెప్పలేను, అదృష్టం.

రాత్రి భోజనం అయ్యాక కొండ శిఖరం వైపు చూడండి. గండాల స్వామి దగ్గర విగ్రహం లేదు, దీపమే. కష్టం తీరాలని మొక్కుకున్నవాళ్ళు గండదీపం వెలిగిస్తారు. చుట్టుపక్కల ఊళ్ళకి కూడా కనబడుతుంది. మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అమ్మ ముందు అటు తిరిగి దణ్ణం పెట్టేది.

ఉప్పల్_వాసి

వెళ్ళి వచ్చాం. మీరంతా ఇంత ఓపికగా రాశారు, చెప్పకపోతే బాగోదు.

బస పాత ఊరికి దగ్గర్లోనే దొరికింది. మామూలు గది, శుభ్రంగా ఉంది. శనివారం పొద్దున్నే కొండెక్కాం. ఆ గుటగుట చప్పుడు విన్నప్పుడు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పానకంలో మిరియం, యాలక్కాయ గొంతులో అలాగే నిలిచిపోయాయి. నేను మెట్లదారిన దిగాను. మాష్టారూ, మీరు చెప్పకపోతే శాసనం పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేవాణ్ణి. రాయి మీద అక్షరాల్ని వేళ్ళతో తడమాలనిపించింది, తడమలేదు, చూస్తూ నిలబడ్డాను.

పదింటికి ఒక నేత ఇంటికి వెళ్ళాం. పడుగుపేక చెల్లెలు చెప్పినట్టే నాడె ఆగేదాకా నోరు తెరవలేదు. ఆ పెద్దాయన కండె మార్చుకుంటూ మా ఆవిడని "అమ్మా, ఇలా వచ్చి కూర్చో" అన్నాడు. ఆవిడ మోకాళ్ళు గొయ్యిలోకి దిగనివ్వవని, ఆయన భార్య రాట్నం దగ్గర పీట వేసింది. ఇద్దరూ కలిసి కండెలు చుట్టారు. మధ్యలో దారం తెగితే ఆమె తడి వేలితో ఎలా అతకాలో చూపించింది. నేను గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉన్నాను. మా ఆవిడ ముఖంలో అంత ఇష్టంగా నేర్చుకుంటున్న అమ్మాయి పోలిక చాలా ఏళ్ళ తర్వాత చూశాను. ఆ ఇంట్లోనే చీర తీసుకున్నాం, నీలం ఒళ్ళు, నిజాం బోర్డర్. నాకు చొక్కా గుడ్డ కూడా. అంచున సూది రంధ్రాలు ఉన్నాయి.

భోజనం తర్వాత పడుకున్నాం. సాయంత్రం ఉండవల్లి. నల్లమట్టి గారూ, చీకట్లో నిలబడటం అన్నారు చూడండి, అది నిజం. పాదాలు ముందు కనిపించాయి. అమరావతి వెళ్దామా అని ఆటో అబ్బాయి అడిగాడు, ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.

ఆదివారం మళ్ళీ వీధుల్లోకే. వీధిలో పడుగు కనబడలేదు కానీ రాట్నం ఇంటి అమ్మ గుమ్మంలోంచి పిలిచి కాఫీ ఇచ్చింది. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

కొత్తజంట_ఖమ్మం

ఈ పోస్టులన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. మాకు పెళ్ళయి ఏడాది కావస్తోంది, ఆగస్టులో వెళ్దామా అని ఆలోచిస్తున్నాం. వర్షాల్లో బాగుంటుందా? కారు లేదు, రైల్లో రావాలి.

పడుగుపేక

చెల్లీ, ఆగస్టులో రావొచ్చు, కానీ మగ్గం కోసమే వచ్చేట్టయితే ఒక మాట. ముసురు పట్టిందంటే గుంటలో నీరు ఊరుతుంది, మగ్గం ఆగిపోతుంది. నేతన్నలకి అది పస్తుల కాలం. తెరిపి ఇచ్చిన రోజుల్లో నేస్తారు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ రోజుల్లో మా వీధుల్లో సందడి ఉంటుంది, అప్పుడు వస్తే బాగుంటుంది. వీలైతే నవంబరు, ఫిబ్రవరి మధ్య ఇంకా మంచిది. చలికి మగ్గం ఆగదు, కొండెక్కడానికీ హాయి.

గాలిగోపురం

రైలుకి ఇబ్బంది లేదమ్మా. మంగళగిరి స్టేషన్ గుంటూరు, విజయవాడ లైన్లోనే ఉంది. ఖమ్మం నుంచి విజయవాడ వచ్చి, అక్కడ గుంటూరు వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కితే సరిపోతుంది. స్టేషన్ నుంచి గుడి దాకా ఆటోలు దొరుకుతాయి. మీ వయసుకి మెట్లదారినే ఎక్కండి, తెల్లవారగానే మొదలుపెట్టండి, నీళ్ళసీసా మర్చిపోకండి.

కందిపొడి

ఆగస్టు అయితే శ్రావణమాసం, గుళ్ళల్లో పులిహోర, చక్కెరపొంగలి ప్రసాదాలు ఉంటాయి. మొక్కజొన్న పొత్తులు కూడా వచ్చేస్తాయి, నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ, ఉప్పూకారం రాసి ఇస్తారు. గొడుగులు రెండు తెచ్చుకోండి, ఒకటి తెచ్చుకుంటే ఇద్దరూ తడుస్తారు.